అప్‌డేట్: క్రిస్మస్, పాత మేడ, దెయ్యం, ప్రేమ... దొరికింది!

క్రిస్మస్ రోజుల్లో పాత మేడలో దెయ్యమూ ప్రేమా కలిసిన కథ చెప్పమని అడిగాను కదా, మీరు చెప్పిన ఎలిజబెత్ గాస్కెల్ 'ది ఓల్డ్ నర్సెస్ స్టోరీ' చదివేశాను. 1852లో నవలా రచయిత చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రిక క్రిస్మస్ సంచికలో వచ్చిందట. అబ్బ, ఏం కథండీ! (స్పాయిలర్లు ఉన్నాయి.)

ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో పెద్ద మేడ, చలికాలం రాత్రుల్లో హాల్లో ఆర్గన్ అనే పెద్ద వాద్యం మోగుతుంటుంది, తీరా కథ చెప్పే ఆయా తెరిచి చూస్తే దాని లోపలంతా విరిగిపోయి ఉంటుంది. అక్కడ ఒళ్లు జలదరించింది. కానీ గుండె పిండేసింది ప్రేమ సంగతే. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే విదేశీ సంగీతకారుణ్ణి ప్రేమించడం, అక్క రహస్యంగా పెళ్లాడి బిడ్డను కనడం, చెల్లెలు పగబట్టడం, చివరికి అక్కాచెల్లెళ్ల తండ్రి ఆ తల్లీబిడ్డల్ని మంచులోకి గెంటేస్తుంటే చెల్లెలు రాయిలా చూస్తూ నిలబడటం!

ఇది రొమాన్స్ కాదని ఒకరన్నారు, నేను ఒప్పుకోను. ఆ ఇంటిని పట్టి పీడించేది ఆ ప్రేమే. ఇప్పుడు ఎమిలీ బ్రాంటీ నవల 'వుదరింగ్ హైట్స్' మొదలుపెట్టాను, కిటికీ దగ్గర కేథరిన్ దెయ్యం లోపలికి రానివ్వమని ఏడ్చే చోటు దాటాను. సుఖాంతమైనవి ఏవైనా ఉంటే ప్లీజ్ చెప్పండి, క్రిస్మస్‌లోపే చదవాలి.