ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పైపు కోసే కటింగ్ వీల్ దేనితో తయారవుతుంది, ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న — కోస్తా ఫ్యాబ్రికేటర్

అందరికీ నమస్కారం. కాకినాడలో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. ఇన్నాళ్లూ ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) గేట్లు, కిటికీ గ్రిల్స్ మాత్రమే చేసేవాళ్లం. ఈ మధ్య ఎస్ఎస్ మెట్ల రెయిలింగులు కూడా ఒప్పుకుంటున్నాం. నాలుగు అంగుళాల గ్రైండరుకు ఎప్పటిలాగే మామూలు కటింగ్ వీల్ బిగించి ఎస్ఎస్ పైపు కోస్తుంటే అంచు నీలంగా మారుతోంది. పాలిష్ చేసి బిగించిన కొన్ని వారాలకే అతుకుల దగ్గర సన్నటి తుప్పు చుక్కలు వస్తున్నాయని ఇంటివారు ఫోన్ చేస్తున్నారు. హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే, చూడటానికి ఒకేలా ఉన్న రెండు వీల్స్ ముందుపెట్టి, ఒకటి మామూలుదనీ మరొకటి ఎస్ఎస్‌దనీ చెప్పారే తప్ప తేడా ఏమిటో చెప్పలేకపోయారు. అసలు ఇవి దేనితో తయారవుతాయి? త్వరగా అరగని గట్టి వీల్ తీసుకుంటే సరిపోతుందా? వాటి మీది అక్షరాలకు, అంకెలకు అర్థం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు — సానరాయి

కటింగ్ వీల్‌లో ప్రధానంగా ఉండేవి మూడు: లోహాన్ని కోసే రేణువులు, వాటిని పట్టి ఉంచే రెజిన్, వీల్ పగిలి చెదరకుండా ఊతమిచ్చే గాజునార వల. ఇనుము, ఉక్కు కోసే వీల్స్‌లో సాధారణంగా వాడే రేణువు అల్యూమినియం ఆక్సైడ్. బాక్సైట్‌ను విద్యుత్ ఆర్క్ కొలిమిలో సుమారు 2000 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి, చల్లారిన గడ్డను పగలగొట్టి, పరిమాణాన్ని బట్టి జల్లెడ పట్టి దీనిని తయారు చేస్తారు. ప్రకృతిలో దొరికే కురువిందం కూడా రసాయనికంగా ఇదే పదార్థం. దీనికి జిర్కోనియా కలిపి కరిగిస్తే దెబ్బకు తట్టుకునే దృఢమైన రేణువు వస్తుంది. ఇంకా ఖరీదైన వీల్స్‌లో అతిసూక్ష్మ స్ఫటికాలతో కూడిన సిరామిక్ రేణువు ఉంటుంది. అది ఒక్కసారిగా ముక్కలవకుండా కొద్దికొద్దిగా విరుగుతూ ఎప్పటికప్పుడు కొత్త పదునును బయటపెడుతుంది.

రాయి, కాంక్రీటు కోసే వీల్స్‌లోని నల్లటి రేణువు సిలికాన్ కార్బైడ్. మన తిరుపతి దగ్గర కూడా దీనిని తయారు చేసే కర్మాగారం ఉంది. అల్యూమినియం ఆక్సైడ్ కన్నా ఇది కఠినమైనదే అయినా ఉక్కు మీద నిలవదు, ఎందుకంటే కోతలో పుట్టే వేడికి ఇది ఇనుముతో రసాయనిక చర్య జరిపి త్వరగా మొద్దుబారుతుంది. మామూలు డైమండ్ బ్లేడును ఉక్కుకు వాడకపోవడానికీ ఇదే ఒక ముఖ్య కారణం: వజ్రం శుద్ధమైన కార్బన్, బాగా వేడెక్కిన ఇనుము కార్బన్‌ను తనలో కరిగించుకుంటుంది.

ఇక మీరు అడిగిన గట్టిదనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎంపికలో చాలామంది తడబడేది ఇక్కడే. వీల్ గట్టిదంటే రేణువు గట్టిదని కాదు, రెజిన్ ఆ రేణువును ఎంత బిగువుగా పట్టుకుంటుందన్నది లెక్క. కాంక్రీటులో సిమెంటు కంకరను ఎప్పటికీ వదలకూడదు. వీల్‌లో రెజిన్ మాత్రం మొద్దుబారిన రేణువును సమయానికి వదిలేయాలి, అప్పుడే దాని వెనుక ఉన్న పదునైన రేణువు పనిలోకి వస్తుంది. కఠినమైన లోహం మీద రేణువులు త్వరగా మొద్దుబారతాయి కనుక దానికి కాస్త మెత్తటి వీల్ కావాలి. మెత్తటి లోహానికి గట్టి వీల్ నప్పుతుంది. కఠినమైన లోహానికి మరీ గట్టి వీల్ బిగిస్తే అది అరగదు, కోయదు. మెరుస్తున్న అంచుతో లోహాన్ని రుద్దుతూ వేడెక్కిస్తుంది. మీ పైపు అంచు నీలంగా మారడానికి ఇది ఒక కారణం కావచ్చు. అందువల్ల ఎక్కువ కాలం మన్నిన వీల్ మంచిదని అనుకోవద్దు. తక్కువ వేడితో, తక్కువ ఒత్తిడితో కోసినదే మంచిది.

వీల్ మీద ఏ 60 టి బీఎఫ్ అని ఉందనుకోండి. ఏ అంటే అల్యూమినియం ఆక్సైడ్. సిలికాన్ కార్బైడ్ అయితే సి అని ఉంటుంది. 60 అనేది రేణువు పరిమాణం, అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. టి అనేది గట్టిదనం, ఇంగ్లీషు వర్ణక్రమంలో ముందుకు వెళ్లేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. బీఎఫ్ అంటే నార వలతో బలపరిచిన రెజిన్ వీల్. పక్కనే 105 x 1 x 16 అని ఉంటే వరుసగా వ్యాసం, మందం, రంధ్రం మిల్లీమీటర్లలో ఇచ్చారని అర్థం. పలుచటి ఎస్ఎస్ పైపుకు 1 మిల్లీమీటరు మందమే సరైనది. కోత సన్నగా ఉంటే తొలగించవలసిన లోహమూ పుట్టే వేడీ తగ్గుతాయి, అంచున పొట్టు కూడా తక్కువగా లేస్తుంది. దళసరి యాంగిళ్లకు, కడ్డీలకు అంత పలుచటి వీల్ వంగి విరిగే ప్రమాదం ఉంది కనుక 2.5 లేదా 3 మిల్లీమీటర్లది తీసుకోండి.

జవాబు — లోహశాస్త్రం

సానరాయి గారు వీల్ గురించి వివరంగా చెప్పారు. నేను తుప్పు గురించి మాత్రమే రాస్తాను. దుకాణంలో ఎస్ఎస్‌ది అని చూపించిన వీల్ మీద ఐనాక్స్ అనే మాట ఉండి ఉండాలి. ఇనుము, గంధకం, క్లోరిన్ ఒక్కొక్కటీ 0.1 శాతానికి మించకుండా తయారైన వీల్‌కు ఆ పేరు పెడతారు. ఎంఎస్ కోసే వీల్స్‌లో కోత సులువు కావడానికి రెజిన్‌లో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ వంటి ఖనిజాలను చేరుస్తారు. ఎంఎస్‌కు అవి మేలే చేస్తాయి గానీ ఎస్ఎస్ మీద వాటి అవశేషాలు మిగిలితే తుప్పుకు బీజాలవుతాయి. ఐనాక్స్ వీల్ తెచ్చినా, ఒకసారి దానితో ఎంఎస్ కోస్తే ఆ ఇనుప రజను అంచుకు పట్టుకుని ఎస్ఎస్‌లోకి దిగుతుంది. కాబట్టి ఎస్ఎస్‌కు వీల్స్‌నూ వైరు బ్రష్‌నూ వేరుగా ఉంచడం, ఎంఎస్ కోసే నిప్పురవ్వలు పాలిష్ చేసిన పైపు మీద పడకుండా చూడటం తప్పనిసరి.

నీలి రంగును కేవలం అందానికి సంబంధించిన లోపంగా తీసుకోవద్దు. ఎస్ఎస్‌ను తుప్పు నుంచి కాపాడేది దాని ఉపరితలం మీద ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర. అతిగా వేడెక్కిన చోట రంగుల ఆక్సైడ్ మందంగా ఏర్పడి, దాని కింది లోహంలో క్రోమియం తగ్గిపోతుంది. తేమ తగిలితే తుప్పు ముందుగా అక్కడే పడుతుంది. ఎస్ఎస్ వేడిని త్వరగా ప్రసరింపజేయదు, ఈ విషయంలో మామూలు ఉక్కుతో పోలిస్తే దాని సామర్థ్యం మూడో వంతు మాత్రమే. అందువల్ల వేడంతా కోత దగ్గరే పేరుకుంటుంది. పైపును ఒకేచోట నొక్కి పట్టకుండా తిప్పుతూ గోడ మందం మేరకే కోయండి. మిగిలిన నీలాన్ని పూర్తిగా రుద్ది తీసేయండి, లేదా పికలింగ్ పేస్టుతో తొలగించండి; ఆ పేస్టులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది కనుక చేతికి తొడుగు, కంటికి రక్షణ లేకుండా దానిని ముట్టుకోకూడదు.

మీ పైపు ఏ గ్రేడుదో కూడా చూసుకోండి. రెయిలింగులకు చౌకగా వచ్చే 202లో నికెల్ 4 నుంచి 6 శాతమే. 304లో అది 8 శాతానికి తగ్గదు, క్రోమియం కూడా కొంత ఎక్కువ. కాకినాడ సముద్రపు గాలికి 202 నిలవడం కష్టం, 304నైనా తరచుగా మంచినీటితో తుడవాలి. గ్రేడు తక్కువైన చోట వీల్ ఎంత మంచిదైనా తుప్పు ఆగదు.

ప్రశ్న అడిగినవారు — కోస్తా ఫ్యాబ్రికేటర్

ఇద్దరికీ ధన్యవాదాలు. పైపు 202 అనే బిల్లులో ఉంది. ఇకపై ఇంటివారికి రెండు ధరలూ ముందే చెప్పి 304 సూచిస్తాను. మరో రెండు సందేహాలు ఉన్నాయి. అల్యూమినియం సెక్షన్ కోస్తే వీల్ మూసుకుపోతోంది, దానికి ఏమి వాడాలి? మా దగ్గర పనిచేసే కుర్రవాడు లోతుగా కోయడానికి గార్డు తీసేసి నాలుగు అంగుళాల గ్రైండరుకు ఏడు అంగుళాల వీల్ బిగిస్తానంటున్నాడు, అలా చేయవచ్చా?

జవాబు — టూల్‌రూమ్

రెండో ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను: ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివ్వకండి. ఈ రెజిన్ వీల్స్ సాధారణంగా అంచు వేగం సెకనుకు 80 మీటర్ల వరకు తట్టుకునేలా తయారవుతాయి. అందుకే 125 మిల్లీమీటర్ల వీల్ మీద నిమిషానికి సుమారు 12,200 చుట్లు, 180 మిల్లీమీటర్ల దాని మీద సుమారు 8,500, చాప్ సాకు (నేల మీద నిలిపి, వీల్‌ను కిందికి దింపి కోసే యంత్రానికి) వేసే 355 మిల్లీమీటర్ల దాని మీద సుమారు 4,300 అని ముద్రిస్తారు. నాలుగు అంగుళాల గ్రైండరు 11,000 చుట్ల దగ్గర తిరుగుతుంది. దానికి ఏడు అంగుళాల వీల్ బిగిస్తే అంచు వేగం సెకనుకు 103 మీటర్లు దాటుతుంది, వీల్‌ను చీల్చే బలం అనుమతించిన దానికన్నా మూడింట రెండు వంతులు పెరుగుతుంది. రంధ్రాలు కూడా సరిపోవు: నాలుగు అంగుళాల వీల్‌కు 16 మిల్లీమీటర్లు, ఏడు అంగుళాల దానికి 22.23. మధ్యలో ఏదో బుష్ పెట్టి బిగిస్తే వీల్ కేంద్రం తప్పి కంపిస్తుంది. పగిలిన ముక్క ముఖానికే వస్తుంది, దాన్ని ఆపవలసిన గార్డు అప్పటికే తీసేసి ఉంటుంది. అరిగిపోయిన చాప్ సా వీల్‌ను గ్రైండరుకు వేయడమూ ఇంతే ప్రమాదం. కర్ర కోసే పళ్ల బ్లేడును కూడా గ్రైండరుకు ఎక్కించకండి. లోతైన కోత కావాలంటే చాప్ సా వాడండి.

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మామూలు వీల్ మీద అది మెత్తబడి రేణువుల మధ్య ఖాళీల్లో నిండిపోతుంది. పదును కనబడని వీల్‌ను ఇంకా నొక్కితే వేడెక్కి పగులుతుంది. అల్యూమినియానికి అని ప్రత్యేకంగా రాసి ఉన్న వీల్ దొరుకుతుంది, ఒకటీ అరా ముక్కలకు అది చాలు. కిటికీల పని క్రమంగా ఉంటే కార్బైడ్ పళ్ల బ్లేడు ఉన్న మైటర్ సా (కావలసిన కోణంలో కోసే యంత్రం) కొనడమే మేలు.

కొనేటప్పుడు మధ్యలోని లోహపు రింగు మీద గడువు నెల, సంవత్సరం ముద్రించి ఉన్నాయేమో చూడండి. రెజిన్ వీల్స్‌కు తయారీ నుంచి 3 సంవత్సరాలు గడువు ఇస్తారు. రెజిన్, గాజునార మధ్య పట్టును తేమ బలహీనపరుస్తుంది కనుక మీ ఊరి వాతావరణంలో వీల్స్‌ను గోడ మేకుకు తగిలించకుండా, మూత ఉన్న డబ్బాలో చదునుగా పేర్చండి. కొత్త వీల్ బిగించాక గార్డు పెట్టి, పక్కకు నిలబడి, ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి. కంపించినా, శబ్దం తేడాగా వచ్చినా ఆ వీల్‌ను విరిచి పారేయండి, లేకపోతే మరొకరు తీసి బిగిస్తారు. కటింగ్ వీల్ పక్కభాగంతో వెల్డింగ్ అతుకును రుద్దడం కూడా మాన్పించండి. ఆ పనికి 6 మిల్లీమీటర్ల గ్రైండింగ్ వీల్, లేదా ఎస్ఎస్ అయితే ఫ్లాప్ డిస్క్ (సాన గుడ్డ రేకులు పేర్చిన చక్రం) వాడాలి.