చిత్తూరు మామిడి గుజ్జు ఎగుమతులపై పీహెచ్‌డీ: సంస్థలవారీ లెక్కలు ఎలా సంపాదించాలి?

నమస్కారం. తిరుపతిలో అర్థశాస్త్రం ఎం.ఏ. పూర్తి చేశాను. అంతర్జాతీయ వాణిజ్యం, బహుళజాతి సంస్థలపై పరిశోధన చేసి, అదే రంగంలో అధ్యాపకురాలిగా స్థిరపడాలని నా కోరిక.

2003లో ఆర్థికవేత్త మార్క్ మెలిట్జ్ ప్రచురించిన వాణిజ్య సిద్ధాంత నమూనా చదివినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. ఎగుమతికయ్యే స్థిర ఖర్చులను తట్టుకునేది ఉత్పాదకత ఎక్కువున్న సంస్థలేనని ఆయన చూపించారు. మరుసటి ఏడాది హెల్ప్‌మన్, యీపుల్‌లతో కలిసి, వాటిలోనూ అత్యంత సమర్థమైనవే విదేశాల్లో ఫ్యాక్టరీలు పెడతాయని వివరించారు. మా ప్రాంతంలో రెండూ కళ్లెదుటే ఉన్నాయి. తోతాపురి గుజ్జును సంచుల్లో నింపి, ఇనుప డ్రమ్ముల్లో పెట్టి ఓడలకెక్కించే చిత్తూరు ఫ్యాక్టరీలు ఒకవైపు, శ్రీసిటీ పారిశ్రామిక వాడలో ఇసుజు, డైకిన్ వంటి జపాన్ కంపెనీలు మరోవైపు. ఇంత మంచి అంశాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు.

చిక్కల్లా లెక్కల దగ్గరే. వార్షిక పరిశ్రమల సర్వేలో ఫ్యాక్టరీల పేర్లుండవు. కంపెనీల ఆర్థిక వివరాలుండే ప్రోవెస్ డేటాబేస్ చందా నా తాహతుకు మించినది. పైగా కుటుంబాలు నడిపే చిన్న ఫ్యాక్టరీలు అందులో దొరకడం కష్టం.

అనుభవమున్నవారు దయచేసి చెప్పండి. ప్రశ్నావళితో స్వయంగా సేకరించిన సమాచారాన్ని మంచి జర్నళ్లు అంగీకరిస్తాయా? యజమానులు ఎగుమతి లెక్కలు చెప్పాలంటే ఎవరి ద్వారా వెళ్లాలి? లేదంటే ముందు శ్రీసిటీని ఎంచుకోవడమే మేలా?