పర్యావరణ లక్ష్యాలు చేరితే ఆర్ అండ్ డీ పనితీరు పెరుగుతుందా, తగ్గుతుందా?

ప్రశ్న

నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే అసలు ఔషధ పదార్థం) సంస్థలో ప్రాసెస్ డెవలప్‌మెంట్ బాధ్యత చూస్తున్నాను. మా బృందంలో పన్నెండు మంది కెమిస్టులున్నారు. నిరుటి వరకు యీల్డ్ (ఎంత ఉత్పత్తి దక్కిందన్నది), ప్యూరిటీ, ల్యాబ్ నుంచి ప్లాంటుకు అప్పగించడానికి పట్టిన నెలలు, ఈ మూడింటితోనే మా పనితీరును లెక్కగట్టేవారు. ఈ ఏడాది ప్రాసెస్ మాస్ ఇంటెన్సిటీని, అంటే ఒక కిలో ఉత్పత్తికి మొత్తం ఎన్ని కిలోల పదార్థాలు వాడామన్న లెక్కను కూడా చేర్చి, డైక్లోరోమీథేన్ (డీసీఎం) అనే సాల్వెంట్, అంటే ద్రావణి, వాడకాన్ని వీలైనంత తగ్గించమన్నారు. ఆ లక్ష్యం సరైనదేనని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. అయితే ఒక ఇంటర్మీడియట్‌కు (మందు తయారీ మధ్యలో వచ్చే పదార్థానికి) డీసీఎం మాని ఇథైల్ ఎసిటేట్ పెట్టేసరికి నీటిపొర, సాల్వెంట్ పొర విడిపోవడం ఆగిపోయింది. సాయంత్రం నాలుగింటికి సెపరేటింగ్ ఫన్నెల్‌లో పోసినది రాత్రి ఎనిమిదైనా నడుమ తెల్లటి నురుగుపొరతో అలాగే నిలిచి ఉండేది. దాన్ని చక్కబెట్టడానికి నాలుగు నెలలు పట్టింది, గడువు దాటిపోయింది, వార్షిక మదింపులో మా బృందంలోని పిల్లలకు మార్కులు తగ్గాయి. పర్యావరణ లక్ష్యాల వల్ల పరిశోధన నిజంగా మెరుగుపడిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే, దాన్ని ఎలా కొలిచారో దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1 (ప్రాసెస్ కెమిస్టు)

మీ లక్ష్యంలో తప్పేమీ లేదు గానీ, అది మీ చేతికి ఆలస్యంగా వచ్చిందనిపిస్తోంది. రూట్ (మందును ఏయే చర్యల వరుసలో తయారుచేయాలన్న దారి) ఖరారై, పనంతా డీసీఎం చుట్టూ అమరిపోయాక సాల్వెంట్ ఒక్కటే మార్చాలంటే కష్టమే. డీసీఎం నీటికంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది, ప్లాంటులో మన పదార్థం ఉన్న పొర ముందుగా కిందికి దిగుతుంది. ఇథైల్ ఎసిటేట్ పైన తేలుతుంది, అందువల్ల ముందు నీటిపొరను దింపి అసలు సరుకును రియాక్టరులోనే ఉంచుకోవాలి. అంటే బ్యాచ్ షీటు నుంచి ఏ పాత్ర ఎప్పుడు ఖాళీగా ఉండాలన్న లెక్క దాకా అన్నీ మారతాయి. రూట్ ఎంచుకునే రోజునే ఈ ప్రశ్న వేసుకుని ఉంటే, అసలు ఎక్స్‌ట్రాక్షనే (పదార్థాన్ని సాల్వెంటులోకి లాగడమే) అక్కర్లేకుండా నీరు కలిపి పదార్థాన్ని అవక్షేపించే దారో, అదే సాల్వెంటులో తరువాతి మెట్టుకు తీసుకుపోయే దారో దొరికేదేమో.

డిప్రెషన్ మందు సెర్ట్రలీన్ కథ మీకు తెలిసే ఉంటుంది. ఫైజర్ కెమిస్టులు మూడు మెట్లను ఒకటిగా కలిపి, డీసీఎం, టెట్రాహైడ్రోఫ్యూరాన్, టొలువీన్, హెక్సేన్ నాలుగింటినీ తీసేసి, ఒక్క ఇథనాల్‌తో పని నడిపించారు. టన్ను ఉత్పత్తికి 60,000 గ్యాలన్లుగా ఉన్న సాల్వెంటు వాడకం 6,000కు దిగింది, మొత్తం యీల్డ్ దాదాపు రెట్టింపయింది. ఆ పనికి 2002లో అమెరికా ప్రభుత్వ గ్రీన్ కెమిస్ట్రీ పురస్కారం లభించింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, వారు సాల్వెంటుకు సాల్వెంటును వెదకలేదు. ఆ తయారీ మధ్యలో ఏర్పడే ఇమైన్ అనే పదార్థం ఇథనాల్‌లో అంతగా కరగదు, ఏర్పడినదేర్పడినట్టు బయటపడుతూ చర్యను ముందుకు నడిపిస్తుంది. అందువల్లనే, అంతకుముందు నీటిని లాగేయడానికి వాడిన టైటానియం టెట్రాక్లోరైడ్ అవసరమే లేకపోయింది. నా దృష్టిలో అది పర్యావరణం పేరిట జరిగిన మంచి రసాయనశాస్త్రం.

మీ ఎమల్షన్‌కు (విడిపోని ఆ నురుగుపొరకు) గాఢమైన ఉప్పునీటితో కడగడం, 40-45 డిగ్రీలకు కాస్త వెచ్చబెట్టడం, సన్నని ఘనపదార్థం అడ్డుపడుతుంటే సెలైట్ అనే వడపోత పొడి మీదుగా వడగట్టడం చేసి చూశారా?

జవాబు 2 (ప్లాంటు, ఈటీపీ అంటే వ్యర్థజల శుద్ధి విభాగం ఇంజనీరు)

మీరు అప్పగించిన తరువాత మొదలయ్యే కథ మా దగ్గరుంటుంది, కాబట్టి రాస్తున్నాను. రోజర్ షెల్డన్ 1992లో ప్రతిపాదించిన ఇ-ఫ్యాక్టర్ లెక్కలో ఔషధ పరిశ్రమకు కిలో ఉత్పత్తికి 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకుమించి వ్యర్థం వస్తుంది. పెట్రోలియం శుద్ధిలో అది కిలోలో పదో వంతు. ఆ వ్యర్థమంతా మా గేటు దగ్గరికే వస్తుంది. ల్యాబులో రెండు శాతం యీల్డ్ పెంచడానికి అదనంగా వేసిన బేస్, దాన్ని తటస్థం చేయడానికి పోసిన ఆమ్లం కలిసి ఉప్పుగా మారతాయి. ఆ ఉప్పునీటిని ఎంఈఈలో (నీటిని దశలవారీగా ఆవిరిచేసే యంత్రంలో) ఆవిరి పెట్టి ఎండగట్టడానికయ్యే ఖర్చు మీ మదింపు కాగితంలో ఎక్కడా కనిపించదు. మీ ఖాతాలో గెలుపుగా నమోదైనది మా ఖాతాలో నష్టంగా తేలిన సందర్భాలను నేను చాలా చూశాను. పైగా డీసీఎం 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో చల్లటి బ్రైన్ (చల్లబరచడానికి వాడే ఉప్పునీరు) కండెన్సరుకు సరిగా అందకపోతే డీసీఎం రికవరీ ఎంత పడిపోతుందో ల్యాబులో కూర్చుంటే తెలియదు.

మన ప్రాంతంలో ఇది లెక్కలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధయి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో వెలువడిన పరిశీలన తేల్చింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ ప్రాంతంలోని నక్కవాగు వెంట బతికే రైతుకు మన యీల్డ్ ఎంతో అక్కర్లేదు.

అందుచేత రూట్ సమీక్షకు ఈటీపీ మనిషిని కూడా పిలవండి. మా దగ్గర మూడేళ్లుగా పిలుస్తున్నారు. మదర్ లిక్కర్లను (ఉత్పత్తిని వడగట్టాక మిగిలే ద్రవాలను) కలపకుండా విడివిడిగా పంపమని ల్యాబు దశలోనే చెప్పగలగడం వల్ల, ప్లాంటులోకి వచ్చాక వెనక్కి తిరిగే ప్రాజెక్టులు తగ్గాయి.

జవాబు 3 (మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు)

మీ ప్రశ్నపై అర్థశాస్త్రంలో పాత చర్చ ఉంది. కఠినమైన పర్యావరణ నిబంధనలు నవకల్పనకు దారితీయగలవని మైకేల్ పోర్టర్ 1991లో వాదించారు. అమెరికా పరిశ్రమల గణాంకాలతో జాఫీ, పామర్ 1997లో చూసినప్పుడు, నిబంధనల కోసం పెట్టిన ఖర్చు పెరిగిన పరిశ్రమల్లో తరువాతి కాలంలో ఆర్ అండ్ డీ వ్యయం పెరిగింది గానీ, పేటెంట్లు పెరిగాయనడానికి ఆధారం పెద్దగా దొరకలేదు. వ్యయం పెరగడం, ఫలితం పెరగడం ఒకటి కావని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

మన దేశంలో ఇదే జాగ్రత్త మరింత అవసరం. 2022-23 నుంచి మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసిన బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో, పర్యావరణ, సామాజిక ప్రభావాన్ని మెరుగుపరిచే సాంకేతికతలకు ఆర్ అండ్ డీ వ్యయంలో ఎంత శాతం వెచ్చించారో చెప్పాలి. ఆ గడిలో శాతం పెరిగినంత మాత్రాన ల్యాబులో ఏదో మారిందని అనుకోలేము. మీ సంస్థ ఆ అంకె కోసమే మీపై లక్ష్యం పెట్టిందా, లేక రూట్ నిర్ణయంలో దానికి చోటిచ్చిందా అన్నదాన్నిబట్టే ఫలితం ఉంటుందని నా పరిశీలన. గడువు పాతదే ఉంచి లక్ష్యం మాత్రం కొత్తది చేర్చడం కెమిస్టులకు అన్యాయం.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఉప్పునీరు, వెచ్చబెట్టడం చేశాం. చివరికి పని చేసింది సెలైటే, కానీ అక్కడికి చేరడానికే అన్ని నెలలు పట్టింది. వచ్చే ప్రాజెక్టు రూట్ సమీక్షకు ఈటీపీ ఇంజనీరును పిలుస్తున్నాను. ప్రతి రూట్‌కూ యీల్డ్ పక్కన కిలోకు వచ్చే ఉప్పునీటి అంచనా కూడా రాయమని పిల్లలకు చెప్పాను. సాల్వెంట్ మార్పు ఉన్న ప్రాజెక్టులకు గడువు విడిగా లెక్కించాలని యాజమాన్యానికి లేఖ రాస్తున్నాను. ఉప్పునీటిని ఎండగట్టే ఖర్చును ల్యాబు దశలోనే అంచనా కట్టే పద్ధతి మీ దగ్గర ఉంటే, రెండో జవాబు రాసినవారు దయచేసి పంచుకోగలరా?