సంక్రాంతికి అత్తారింటికి వెళ్తున్నాను, ఆరు నెలల డైట్ చెడిపోకుండా ఎలా?

కోనసీమకోడలు | జనవరి 4

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. పోయిన జులైలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.3 వచ్చింది. ఇంకా షుగర్ రాలేదు కానీ అంచు మీద ఉన్నావు, ఇప్పుడు జాగ్రత్తపడితే మాత్రల దాకా పోదు అన్నారు డాక్టరుగారు. అప్పట్నుంచి మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రి ఏడున్నరకల్లా జొన్నరొట్టె, రోజూ నలభై నిమిషాల నడక. ఏడు కిలోలు తగ్గాను. డిసెంబరులో 5.8 వచ్చింది.

భోగి ముందురోజు అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్తున్నాం, ఐదు రోజులు ఉంటాం. అత్తయ్యగారు ఎంతో ప్రేమగా పెడతారు, అందుకే కాదనలేను. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచే నెయ్యి వేసేస్తారు. పోయిన సంక్రాంతికి మూడు కిలోలు పెరిగి వచ్చాను.

దసరాకి పుట్టింట్లో మొదటి రోజు గట్టిగానే ఉన్నాను. రెండో రోజు ఒక బొబ్బట్టు తిన్నాక ‘ఎలాగూ తప్పింది కదా’ అనిపించింది, ఇక ఆ రోజంతా ఏది కనబడితే అది తిన్నాను. నాకు ఆ ఆలోచనంటేనే భయంగా ఉంది. నోరు కట్టేసుకో అని కాకుండా, పండగ దాటి వచ్చినవాళ్లు సరిగ్గా ఏం చేశారో చెప్పగలరా?

గోదారిగట్టు | జనవరి 4

అమ్మా, నాకు 56. తొమ్మిదేళ్లుగా షుగరు, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నాను. మాది రాజమండ్రి. పండగకి షుగరు చూసుకోవడం మానేసేవాణ్ణి, చూస్తే బాధ కదా అని. రెండేళ్ల కిందట మా అబ్బాయి పట్టుబట్టి గ్లూకోమీటరు నా సంచిలో పెట్టాడు. అప్పుడు తెలిసిన సంగతి చెబుతాను.

భోగి రోజు పొద్దున్నే తలంటు పోసుకుని, ఖాళీ కడుపున కాఫీతో రెండు అరిసెలు తిన్నాను. రెండు గంటలయ్యాక చూస్తే 241. మర్నాడు పొద్దున మామూలుగా పెసరట్టు తిన్నాను. మధ్యాహ్నం భోజనంలో ముందు కూర, దప్పళంలో ముక్కలు, పప్పు తిని, తర్వాత కాస్త అన్నం, చివర ఒకే ఒక్క అరిసె. రెండు గంటలకి 176. ఒంటిని బట్టి అంకెలు మారతాయి, నావి మీకు లెక్క కాదు. కానీ ఆ రోజు నుంచి పండగల్లో పొద్దున పూట తీపి ముట్టుకోను. తినేది భోజనం చివర్లోనే, అదీ ఒకటే.

బెజవాడకుర్రాడు | జనవరి 5

ఏడాదికి ఒక్కసారి వచ్చే పెద్ద పండగకి కూడా గ్రాములు లెక్కపెట్టుకోవాలా అక్కా? నేను రెండేళ్లలో 14 కిలోలు తగ్గాను. సంక్రాంతి మూడు రోజులూ అమ్మ పెట్టింది హాయిగా తింటాను. ముక్కనుమ నుంచి మళ్లీ మామూలే. నాకైతే ఏ ఇబ్బందీ రాలేదు. టెన్షన్ పడుతూ తినడం కంటే అదే నయం అనిపిస్తుంది.

కోనసీమకోడలు | జనవరి 5

తమ్ముడూ, నీకు షుగర్ భయం లేదు. మా నాన్నగారికి 45కే వచ్చింది, ఇప్పుడు కాలివేళ్లకి స్పర్శ లేదు. నేను బరువు కోసం చేయడం లేదు. అయినా టెన్షన్ పడుతూ తినకూడదన్న మాట మాత్రం నిజమే.

ఓరుగల్లు_ఆడబిడ్డ | జనవరి 5

నాది వరంగల్. మాకు సంక్రాంతి అంటే సకినాలు. తీపి కాదు కదా అని అందరూ ధైర్యంగా తింటారు. అవి బియ్యప్పిండి, నువ్వులు, వాము, పైన నూనె. తీపి లేదు కానీ అన్నం తిన్నట్టే, దాని మీద నూనె అదనం. అరిసె రెండు తింటే కడుపు నిండినట్టు తెలుస్తుంది. సకినం తేలిగ్గా కరకరలాడుతుంది, టీవీ చూస్తూ ఎనిమిది తిన్నా తిన్నట్టే ఉండదు.

నా సమస్య తినేటప్పుడు కాదు, చేసేటప్పుడు. పరిచిన తడిబట్ట మీద అత్తా నేనూ కూర్చుని పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ చుట్లు చుట్లుగా వేస్తాం. నాలుగు గంటల పని. అప్పటికి కడుపు కాలిపోతుంటుంది. మొదటి వాయి తీయగానే ఉప్పు సరిపోయిందా అని ఒకటి, కాలిందా అని ఒకటి, విరిగినవి ఎందుకు పారేయాలని మూడు. భోజనం టైముకి కడుపు నిండేది. మూకుడు పొయ్యి మీద పెట్టకముందే భోజనం చేసి కూర్చోవడం అప్పట్నుంచి మొదలుపెట్టాను. పక్కన పెద్ద గ్లాసుతో పల్చటి మజ్జిగ. ఉప్పు చూడటం మా ఆడపడుచు పని. నాలుగు చుట్ల సకినాన్ని రెండు చుట్లకి తగ్గించాం, పిల్లలకి కూడా అవే ఇష్టం.

టెక్సస్_తెలుగు | జనవరి 5

ఇక్కడ మాకు సెలవుండదు కాబట్టి పండగ వీకెండ్‌కి మారుతుంది. ఒక వారం గుళ్లో, ఒక వారం అసోసియేషన్‌లో, రెండు వారాలు స్నేహితుల ఇళ్లలో పాట్‌లక్. మూడు రోజుల పండగ నెల రోజులు నడుస్తుంది. నేను తీసుకెళ్లే వంటకం ఎప్పుడూ ఒకటే, పెద్ద ట్రే నిండా చిక్కుడుకాయ కూర. స్వీట్లు పదిమంది తెస్తారు, కూర ఎవరూ తీసుకురారు. నా పళ్లెంలో సగం దాంతో నిండుతుంది. ముందు ఖాళీ అయ్యేది కూడా ఆ ట్రేనే.

పోషణ_నా_పని | జనవరి 6

నేను డైటీషియన్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సంక్రాంతికి చేసే పొరపాటు ఒకటుంది. బెల్లం కదా, ఏం కాదు అనుకుంటారు. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉన్నమాట నిజం. కానీ ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే, రక్తంలో చక్కెర పెరగడంలో పెద్ద తేడా ఉండదు. అరిసెకి కిలో బియ్యానికి దాదాపు ముప్పావు కిలో బెల్లం పోస్తారు. కలిపే చక్కెరలు రోజుకి సుమారు 25 గ్రాములకి మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. పెద్ద అరిసెలు రెండు తింటే ఆ లెక్క దాదాపు అయిపోయినట్టే.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంది. సంక్రాంతి వంటలో అది కష్టం కాదు. గుమ్మడికాయ, చిలగడదుంప, ములక్కాడ, వంకాయ, ఆనపకాయ అన్నీ వేసి కాచే దప్పళం పండగ వంటే. చిలగడదుంప ముక్కలు మాత్రం రెండు చాలు, అది కూడా పిండిపదార్థమే. చిక్కుళ్లు ఆ రోజుల్లో పాదుల నిండా ఉంటాయి. గోదారిగట్టుగారు చెప్పినట్టు కూర, పప్పు ముందు తిని అన్నం, తీపి చివర తింటే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిచినా సాయమే. పండగలో గాలిపటాలు, ముగ్గులు, చుట్టాలిళ్లు, నడకకి సాకు వెతుక్కోవక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మధ్యాహ్నం బాగా తినొచ్చని పొద్దున టిఫిన్ మానేయకండి. షుగర్ పడిపోతుంది. మాత్రల మోతాదు సొంతంగా మార్చకండి, ఊరెళ్లే ముందు మీ డాక్టర్‌ని అడగండి.

గోదారిగట్టు | జనవరి 6

ఆ పొరపాటు మా అన్నయ్య చేశాడు. మాత్ర వేసుకుని టిఫిన్ మానేశాడు. పన్నెండింటికి వడ్డించే లోపే చెమటలు పట్టి కళ్లు తిరిగి అరుగు మీద కూలబడ్డాడు. పండగ పూట ఇల్లంతా భయంతో వణికిపోయింది. గ్లూకోజు నీళ్లు తాగించాక తేరుకున్నాడు.

పెద్దమ్మ_వంటిల్లు | జనవరి 6

అమ్మాయ్, నేను అత్తగారి స్థానంలో ఉన్నదాన్ని, 64 ఏళ్లు. మాది పాలకొల్లు వైపు. ఇందాకట్నుంచి అందరూ ఎలా తినాలో చెబుతున్నారు. వండేవాళ్ల సంగతి నేను చెబుతాను.

మేము పండగకి పది రోజుల ముందు బియ్యం నానబోస్తాం. పిండి కొట్టించి, తడి ఆరకుండా జల్లించి, పాకం ఉండకట్టే దాకా నీళ్లలో వేసి చూస్తూ నిలబడతాం. నడుము పట్టేస్తుంది. అంతా అయ్యాక మీరు విస్తరి ముందు కూర్చుని పదిమందిలో ‘నాకు వద్దండీ’ అంటే, అరిసె వద్దన్నట్టు వినబడదు మాకు. ఇది మా మూర్ఖత్వమే అనుకోండి, కానీ అలాగే వినబడుతుంది.

మా పెద్దకోడలు పెళ్లయిన కొత్తలో అలా వద్దంది. నేను రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో ఏడు వారం ముందే ఫోన్ చేసింది. ‘అత్తయ్యా, రిపోర్టు ఇలా వచ్చింది, నాకు భయంగా ఉంది, మీరే ఏదైనా దారి చూపించండి’ అంది. ఆ పిల్ల గొంతు విన్నాక నాకు నిద్రపట్టలేదు. ఆ ఏడు నేనే దాని విస్తరి పక్కన నిలబడి, మా ఆడపడుచు మారు వడ్డించబోతే చెయ్యి పట్టుకున్నాను.

కాబట్టి నువ్వు ఇప్పుడే ఫోన్ చెయ్యి. రిపోర్టులో అంకె చెప్పు. డైట్ అనే మాట వాడకు, మాకు అదేదో సోకులా వినిపిస్తుంది. వద్దు అని ఊరుకోకుండా ఇది చేసి పెట్టండి అని ఏదైనా అడుగు. ఏదో ఒకటి చేసి పెడితే గానీ మా మనసు ఊరుకోదు.

కనుమ నాడు మినుము తినాలి కదా, గారెలకి బదులు వాసెనపోలి అడుగు. గిన్నెలో నీళ్లు పోసి, మూతికి గుడ్డ వాసెన కట్టి, రుబ్బిన మినప్పిండి దాని మీద వేసి ఆవిరికి ఉడికిస్తాం. చుక్క నూనె ఉండదు, మెత్తగా దూదిలా వస్తుంది. అల్లప్పచ్చడితో తిను, నాటుకోడి పులుసుతో అయినా సరే. శాస్త్రమూ దక్కుతుంది.

కోనసీమకోడలు | జనవరి 6

పెద్దమ్మగారూ, మీరు రాసింది చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. నా రిపోర్టు సంగతి అత్తయ్యగారికి ఇంతవరకూ చెప్పనేలేదు. బాధపడతారని దాచాను. రేపు ఫోన్ చేస్తాను.

ఓరుగల్లు_ఆడబిడ్డ | జనవరి 7

ఇంకో మాట, వచ్చేటప్పుడు కట్టిచ్చే డబ్బాల సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకో. నేను రెండేళ్లు రాసి పెట్టుకున్నాను, పండగ రోజుల్లో తిన్నదానికంటే ఇంటికి తెచ్చిన స్టీలు డబ్బాలోంచి తిన్నదే ఎక్కువ. పండగ మూడు రోజులు, డబ్బా ఫిబ్రవరి దాకా. ఆఫీసు నుంచి ఆకలితో వచ్చేసరికి ఎదురుగా ఉంటుంది. ఇప్పుడు పది పదిహేను మాత్రం తీసుకుని, మర్నాడే ఆఫీసులో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంట్లో పంచేస్తాను.

బెజవాడకుర్రాడు | జనవరి 7

ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. నేను మూడు రోజులు తిని ఆపగలగడానికి అసలు కారణం ఇదేనేమో. అమ్మ ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటాను, డబ్బా మా ఇంటికి రాదు. ఈ సంగతి నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

కోనసీమకోడలు | జనవరి 19

నిన్న రాత్రి హైదరాబాద్ వచ్చాం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

7న ఫోన్ చేశాను. అత్తయ్యగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘ఆరు నెలల నుంచి నాకెందుకు చెప్పలేదు’ అన్నారు, అంతే. మేము వెళ్లేసరికి పెరట్లో చిక్కుళ్లు కోసి బుట్ట నింపి పెట్టారు. అరిసెలు మామూలు సైజువి ఊరికి, అరచేతిలో సగం ఉండేవి నాకు విడిగా. నూనెలోంచి తీయగానే రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి ఇంకొంచెం గట్టిగా నొక్కారు. కింద గిన్నెలోకి నూనె ధారగా కారుతుంటే ‘చూడు ఎంత దిగిందో’ అని నాకు చూపించారు.

భోగి, సంక్రాంతి రెండు రోజులూ భోజనం చివర ఒక్కో చిన్న అరిసె. పులిహోర రెండు ముద్దలు. కూరలు మాత్రం కడుపు నిండా. పిన్నత్తగారు బొబ్బట్టు వేయబోతే అత్తయ్యగారే ‘దానికి వెయ్యకు, నేను చెబుతాలే’ అన్నారు.

కనుమ నాడు వాసెనపోలి చేశారు, ఆవిడ పదేళ్ల నుంచి చేయలేదట. కానీ ఆ రాత్రి ప్రభల తీర్థం చూసి ఆలస్యంగా వచ్చి, ఆకలికి ఆగలేక గారెలు నాలుగు, పాకుండలు రెండు తినేశాను. ‘ఎలాగూ తప్పింది కదా’ వచ్చింది. ఈసారి మాత్రం లేచి డాబా మీదికి వెళ్లి మావారితో అరగంట నడిచాను. మర్నాడు పొద్దున మామూలుగా రెండు ఇడ్లీ. దసరాకి చేయలేనిది అదొక్కటే, తప్పిన పూటని ఆ పూటతోనే ఆపడం.

ఈ ఉదయం బరువు చూసుకుంటే 700 గ్రాములు పెరిగాను. డబ్బాలో పన్నెండు అరిసెలు తెచ్చాను, ఎనిమిది ఆఫీసుకి పట్టుకెళ్లాను.

ఇంకో సంగతి. గోదారిగట్టుగారు రాసింది చూసి గ్లూకోమీటరు కొని తీసుకెళ్లాను. ముక్కనుమ రోజు భోజనమైన రెండు గంటలకి నేను చూసుకుంటుంటే మావయ్యగారు సరదాగా తన వేలు కూడా చాపారు. ఎన్నడూ పరీక్ష చేయించుకోలేదు ఆయన. 268 వచ్చింది. ముందు చెయ్యి కడుక్కోలేదేమో, అరిసె తిన్న చెయ్యి కదా అని కడిగించి మళ్లీ చూశాం. 261. అత్తయ్యగారు చేతిలో ఉన్న నేతి గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

గోదారిగట్టు | జనవరి 19

ఇంట్లో మీటరు చూసి నిర్ధారించుకోకండమ్మా. పరగడుపున ల్యాబ్‌లో రక్తం ఇప్పించండి, హెచ్‌బీఏ1సీ కూడా రాయించండి. అమలాపురంలోనే చేస్తారు. ఆలస్యం వద్దు.

కోనసీమకోడలు | జనవరి 19

రేపు పొద్దున ఏడింటికి తీసుకెళ్తున్నారండి. రాత్రి భోజనం తొందరగా పెట్టేశానని ఇప్పుడే అత్తయ్యగారు ఫోన్ చేశారు. జొన్నరొట్టె పిండి వేడినీళ్లతో కలపాలా చన్నీళ్లతోనా అని అడిగారు.