'కాలం చెల్లిన గాలిమర', 'పునర్వినియోగం': రెండు మాటలపై చర్చ

ప్రశ్న: పవన విద్యుత్తు మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఇరవై, ఇరవై అయిదేళ్లు పనిచేసి దిగిపోయే గాలిమరలను ఏం చేయాలన్న విషయాన్ని 'జీవితాంత నిర్వహణ' అనవచ్చునా? వాటి భాగాలను మళ్ళీ ఉపయోగంలోకి తేవడాన్నంతటినీ 'పునర్వినియోగం' అనే ఒక్క మాటతో చెప్పవచ్చునా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: మొదటి మాటను వదిలేయండి. 'జీవితాంతం' అంటే తెలుగులో బతికున్నన్నాళ్లూ అని అర్థం. 'జీవితాంత నిర్వహణ' అని రాస్తే, గాలిమర తిరిగినన్నాళ్లూ దానికి చేసే మరమ్మతుల గురించి చెబుతున్నారని పాఠకుడు అనుకుంటాడు, అంటే మీరు చెప్పదలచినదానికి పూర్తిగా వ్యతిరేకమైన అర్థం వస్తుంది. మందులకూ చట్టాలకూ మనం రోజూ వాడే 'కాలం చెల్లిన' అనే పలుకుబడి ఇక్కడ చక్కగా అతుకుతుంది. 'చెల్లు' అనే క్రియలో చెలామణీ కావడమూ ఉంది, తీరిపోవడమూ ఉంది. నాణెం చెల్లుతుందంటే మొదటి అర్థం, నూకలు చెల్లాయంటే రెండోది. అయితే ఒక జాగ్రత్త అవసరం. అదే స్థలంలో ఇంకా పెద్ద యంత్రాలను నిలబెట్టడానికి, బాగా తిరుగుతున్న గాలిమరలను కూడా ముందే దింపేస్తుంటారు. వాటిని 'దింపేసిన గాలిమరలు' అనాలే తప్ప కాలం చెల్లినవి అనకూడదు, ఎందుకంటే వాటిలో కొన్నింటిని బాగుచేసి మరో చోట నిలబెట్టి ఇంకా కొన్నేళ్లు వాడతారు.

అసలు చిక్కు రెండో మాటతోనే ఉంది. 'పునర్వినియోగం' అంటే వస్తువు వస్తువుగానే మళ్ళీ వాడుకలోకి రావడం. ఇలా బాగుచేసి మరో చోట నిలబెట్టిన గాలిమరకు ఈ మాట సరిగ్గా సరిపోతుంది. ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో 2022లో గాలిమర రెక్కలనే దూలాలుగా పరచి పాదచారుల వంతెన కట్టారు, నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పాత రెక్కలతో పిల్లల ఆటస్థలం కట్టారు. వీటిని కూడా పునర్వినియోగం అనడానికి నాకు అభ్యంతరం లేదు. ఉక్కు స్తంభం దారి వేరు. దాన్ని ముక్కలుగా కోసి తుక్కుగా కొలిమికి పంపితే కరిగి మళ్ళీ ఉక్కే అవుతుంది, కానీ అది మళ్ళీ స్తంభమే కానక్కరలేదు. రాగి తీగలూ, పోత ఇనుముతో చేసిన భాగాలూ ఇదే దారిన పోతాయి. ఇక్కడ మళ్ళీ వాడుకలోకి వచ్చేది పదార్థమే తప్ప వస్తువు కాదు కనుక, దీన్ని 'రీసైక్లింగ్' అనే అనాలి.

రెక్కల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు మాటలూ చాలవు. రెక్క అంటే గాజు నారల పొరలు, వాటిని పట్టి ఉంచే ఎపాక్సీ లేదా పాలియెస్టర్ రెజిన్ (గట్టిపడే జిగురు), లోపల తేలికైన బాల్సా కలప లేదా నురుగు ప్లాస్టిక్. పెద్ద రెక్కల్లో కార్బన్ నారలు కూడా ఉండవచ్చు. రెజిన్ గట్టిపడేటప్పుడు దాని అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి అడ్డంగా ముడిపడిపోతాయి. కాల్చిన కుండను నీటిలో ఎంత నానబెట్టినా మళ్ళీ మట్టి ముద్ద కానట్టే, ఆ రెజిన్‌ను ఎంత వేడి చేసినా కరగదు, మాడిపోతుంది. తుఫాను గాలులను ఏళ్ల తరబడి తట్టుకునే ఆ దృఢత్వమే విడదీసేటప్పుడు అడ్డమవుతుంది. అందుకే అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, కాస్పర్ పట్టణపు చెత్త మైదానంలో, ఒక్కో రెక్కను మూడు ముక్కలుగా కోసి వరుసగా పేర్చి మట్టి కప్పారు. జర్మనీలో అలా పూడ్చడం కుదరదు; అక్కడ రెక్కలను తురిమి సిమెంటు బట్టీలకు పంపే పద్ధతి ఉంది. బట్టీలో రెజిన్ మండి బొగ్గుకు బదులవుతుంది, గాజులోని సిలికా క్లింకర్‌లో, అంటే పొడిచేస్తే సిమెంటయ్యే గడ్డల్లో, కలిసిపోతుంది. పూడ్చిపెట్టడం కంటే ఇది ఎంతో మేలే. కానీ నార నారగా మిగలదు, రెజిన్ అసలే మిగలదు. దీన్ని పునర్వినియోగం అంటే, రెక్క ఎక్కడో మళ్ళీ రెక్కగా తిరుగుతోందని చదివేవారు నమ్ముతారు. అది పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే. 'సిమెంటు తయారీలో ముడిసరుకుగా, ఇంధనంగా వాడటం' అని విడమరచి రాయండి. వాక్యం పొడవైనా ఫరవాలేదు.

మరి రెక్కకు నిజమైన రీసైక్లింగ్ లేదా అంటే, ఇప్పుడిప్పుడే వస్తోంది. గాలిమరలు తయారుచేసే సీమెన్స్ గమేసా సంస్థ 2021లో ప్రకటించిన రెక్కల్లోని రెజిన్, గాఢత తక్కువ ఉన్న వేడి ఆమ్ల ద్రావణంలో విడిపోయి నారలను వదిలేస్తుంది. 2022లో జర్మనీ తీరానికి ఆవల కాస్కాసి సముద్ర గాలిమరలకు వాటిని మొదటిసారి అమర్చారు. ఇప్పటికే తిరుగుతున్న లక్షలాది పాత రెక్కలకు ఈ సౌలభ్యం లేదు కాబట్టి, 'కొత్త రెక్కలను రీసైకిల్ చేయవచ్చు' అన్న వాక్యంలో 'కొత్త' అన్న మాటను ఎట్టి పరిస్థితిలోనూ కొట్టేయకండి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. రీసైక్లింగ్‌కు బదులు 'పునఃచక్రీకరణ' అని రాయమని మా సంపాదకులు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: అదే కావాలంటే సంధి ప్రకారం 'పునశ్చక్రీకరణ' అని రాయాలి, 'పునశ్చరణ' అనే మాటలో ఉన్నది ఇదే సంధి. అయినా ఆ మాట విని తుక్కు కరిగించడం గుర్తుకు వచ్చేవారు తక్కువ. పైగా ఇదే వ్యాసంలో 'పునరుత్పాదక' అన్న మాట పదేపదే వస్తుంది. 'పునః'తో మొదలయ్యే మూడు నాలుగు మాటలు పక్కపక్కన చేరితే ఏది దేని గురించో పాఠకుడికి తెలియదు. అందరికీ తెలిసిన రీసైక్లింగ్‌నే ఉంచమని సంపాదకులకు గట్టిగా చెప్పండి.

ఇంకొక్క మాట. గాలిమరలో 85 నుంచి 90 శాతం రీసైకిల్ అవుతుందన్న అంకెను మీరు తప్పక ఉదహరిస్తారు. అది బరువు లెక్కన చెప్పే అంకె. ఆ బరువులో సింహభాగం ఉక్కూ ఇతర లోహాలూ. 'బరువులో' అన్న మాటను అదే వాక్యంలో చేర్చి, రెక్కల సంగతిని ఆ వెంటనే చెప్పండి.