తాతగారి అటక మీద ఫ్రెస్కో పలక దొరికింది, రేటు ఎంతుండొచ్చు?

వన్‌టౌన్ కుర్రాడు:
మా తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద రెండడుగుల పలక దొరికిందండి, సున్నం గచ్చు మీద ద్రాక్షతీగలు, ఓ అమ్మాయి బొమ్మ, వెనకాల చెక్క ఫ్రేము, ఇటలీదని ఇంట్లో అంటారు గానీ కాగితం ముక్క లేదు. పాతసామాన్లాయన రెండు వేలిస్తానంటున్నాడు, ఇచ్చేయమంటారా?

బీచ్‌రోడ్ బాబాయ్:
ఆగు బాబూ, తొందరేంటి. ముందు భూతద్దం పెట్టి చూడు, చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ప్రింటు అంటించిందే. అసలు ఫ్రెస్కో అంటే తడి సున్నం మీద రంగేస్తారు, సున్నం గాలి తగిలి గట్టిపడేటప్పుడు రంగు దాంట్లోనే ఉండిపోద్ది. ఆరిన గచ్చు మీద వేసిందైతే పొరలా లేస్తుంది. పగుళ్లు చూసి పాతదనుకోకు, అవి కావాలని కూడా చేస్తారు.

రంగుల పిచ్చి:
తడిగుడ్డతో మాత్రం తుడవొద్దు ప్లీజ్!! అసలే మన వైజాగ్ ఉప్పుగాలి. ఇంకోటి, 100 ఏళ్లు దాటిన పురావస్తువు అని తేలితే 1972 చట్టం ప్రకారం మనంతట మనం విదేశాలకి పంపడం కుదరదు, ఫారిన్ రేట్లు చూసి ఆశపడకండి.

వన్‌టౌన్ కుర్రాడు:
చూశానండి, చుక్కల్లేవు! ఈలోగా పాతసామాన్లాయన మళ్లీ ఫోన్ చేసి ఐదు వేలంటున్నాడు, ఎందుకో మరి.