అప్‌డేట్: ఆ ‘స్పైరల్ స్క్రాచ్’ 1977 నాటిదేనా?

ఇంగ్లండ్ పంక్ రాక్ బ్యాండ్ బజ్‌కాక్స్ 1977లో తెచ్చిన తొలి రికార్డు ‘స్పైరల్ స్క్రాచ్’ ఏడంగుళాల వినైల్ కాపీ ఒకటి అమ్మకానికి వచ్చింది, మొదటి ప్రింటేనా అని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా. కాదని తేలిపోయింది. మీలో ఒకరు చెప్పినట్టే కవర్ ఫొటో దగ్గర్నుంచి తీసి పంపమని అమ్మే ఆయన్ని అడిగాను. దాని మీద ‘విత్ హోవర్డ్ డెవోటో’ అని ఉంది (డెవోటో అంటే ఈ రికార్డులో పాడిన బ్యాండు మొదటి గాయకుడు). ఆ మాట 1979లో మళ్లీ వేసినప్పుడు చేర్చారు, 77 కవర్ మీద ఉండదు. అమ్మే ఆయనకు నిజంగానే తెలియదనుకుంటా, విషయం చెప్పగానే రేటు బాగా తగ్గించాడు. తీసేసుకున్నా!

కవర్ వెనకవైపు భలే ఉంది. ఏ పాట ఎన్నో టేకు, తర్వాత గిటార్ విడిగా కలిపారా లేదా, అన్నీ దాచకుండా రాసేశారు. 1976 డిసెంబరులో మాంచెస్టర్‌లో ఒక్కరోజులో రికార్డింగ్ కానిచ్చి, అప్పు తెచ్చిన 500 పౌండ్లతో సొంత లేబుల్ ‘న్యూ హార్మోన్స్’ మీద ముందు 1,000 కాపీలు కొట్టించారట. ఏ కంపెనీ గడపా తొక్కలేదు. ఇక ఇందులోని ‘బోర్‌డమ్’ పాటలో గిటార్ సోలో అంటే రెండే రెండు నోట్లు, అవే మళ్లీ మళ్లీ. నాకైతే పిచ్చిగా నచ్చింది.

మొదటి ప్రింటు కోసం వెతకడం మాత్రం ఆపలేదు. ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి.